పంతులుగారి గొంతు

అనంతగిరి అడవుల చేరువలో, వికారాబాదు, తాండూరుల ప్రాంతాన, కోట్‌పల్లి జలాశయం ఉన్నది. గాలి కదలని తెల్లవారుజామున ఆ గట్టుమీద నిలబడి ఒకరు పిలిస్తే, నీటి నడుమ పడవలో ఉన్నవానికి మాట మాటా విడివిడిగా వినబడుతుంది. పిలిచినవాడు అరవనక్కరలేదు. నీటిని తాకి ఉన్న గాలి చల్లగాను, దానిమీది గాలి కొంత వెచ్చగాను ఉండడంవల్ల ధ్వని ఆకాశానికి ఎగిసిపోక కిందికి వంగి, నీటివెంబడి సాగిపోతుంది. అదే మనిషి మిట్టమధ్యాహ్నం కాగిన చెలకలో నిలబడి అదే గొంతుతో పిలిచినట్లయితే, అంత దూరాననే ఉన్న రైతుకు సగం మాటలు చేరవు. గొంతులో లోపమేమీ లేదు. అది పనిచేయవలసిన చోటు వేరైనది, అంతే.

ఈ సంగతి తెలుగునాట బడిగదులు కట్టించినవారిలో ఎందరికి తెలుసునో గాని, ఆ గదులలో పొద్దంతా మాట్లాడవలసినవారికి మాత్రం ఎవరూ చెప్పినట్లు లేదు. పైన రేకుల కప్పు. తలమీద కిర్రుమనే పంకా. గోడ కవతల ఎక్కాలు వల్లించే మూడవ తరగతి. పన్నెండు కొట్టేసరికి వసారాలో పళ్ళాల చప్పుడు. వీటన్నిటిమీదుగా రోజుకు ఐదారు పీరియడ్లు తన మాటను వినిపించవలసిన ఉపాధ్యాయునికి సాయంకాలమయ్యేసరికి గొంతు బొంగురుపోతుంది. ఆదివారం కొంత తేరుకొంటుంది. సోమవారం మళ్ళీ మొదలు. నాగలి కర్రు అరిగితే రైతు కమ్మరి కొలిమికి పోతాడు. బాడిసె మొండికెత్తితే వడ్రంగి సానరాయి వెదకుతాడు. తన జీవనానికి ఆధారమైన పనిముట్టు అరిగిపోతున్నా, అది అరగడం వృత్తిధర్మమే కాబోలునని ఊరకుండేవాడు పంతులుగారొక్కరే.

గురువు సంగతి ఇట్లుండగా, శిష్యుని సంగతి మరొక విధం. వికారాబాదులోను, తాండూరులోను రైలెక్కి ఉద్యోగంకోసం హైదరాబాదు చేరే యువకుల సంచిలో పట్టా ఉంటుంది, గొంతులో బెరుకు ఉంటుంది. ఉద్యోగమిచ్చేవారు పిలిచి పది నిమిషాలు మాట్లాడిస్తారు. పదిహేనేళ్ళ చదువు ఆ పది నిమిషాలలో గొంతు దాటి రావాలి. రాకపోతే, తెలియనివాడని కాదు గాని, చెప్పలేనివాడని పంపివేస్తారు. అందుచేత నగరంలో మాటతీరు దిద్దుతామనే శిక్షణాలయాలకు గిరాకీ పెరిగింది. వాటిలో మంచివి లేకపోలేదు. కాని పెక్కింటిలో అమ్ముడయ్యే సరుకు రెండే రెండు: ఒకటి తెచ్చిపెట్టుకొన్న గాంభీర్యం, రెండవది అరువు తెచ్చుకొన్న ఉచ్చారణ. ఈ రెండింటివల్ల విద్యార్థికి కలిగే మేలుకన్న కీడే ఎక్కువ.

మొదటిదానిని గూర్చి ముందు విచారించవచ్చు. లావుపాటి గొంతే మంచి గొంతని లోకంలో ఒక భ్రమ ఉన్నది. కొంగర జగ్గయ్యగారు సినిమాలలోకి రాకపూర్వం ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివినవారు. ఆయనది కంచుకంఠమని అందరూ మెచ్చినారు. 1967లో ఒంగోలునుండి లోక్‌సభకు ఎన్నికైన ఆ నటునికి గొంతు పెట్టనికోట అయిన మాట నిజమే. అయితే అదే ఆకాశవాణిలో, విజయవాడ కేంద్రంనుండి, రామాయణ భారతాలను ఇంటింటికీ చేర్చిన ఉషశ్రీగారి గొంతులో శ్రోతలను పట్టి నిలిపినది లావు కాదు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ వడి పెంచాలో, ఎక్కడ ప్రశ్న వేసి ఊరకుండాలో ఎరిగిన నేర్పు అది. 1990లో ఆయన కన్నుమూసిన తరువాత కూడ ఆ రికార్డులు వింటున్నవారు ఉన్నారంటే, అది ఆగడంలోని బలమే గాని ఉరుములోని బలం కాదు.

గొంతు స్థాయి పుట్టుకతో వచ్చేదన్న మాటలో కొంత నిజమున్నది. స్వరపేటికలో రెండు స్వరతంత్రులు ఉంటాయి. పురుషులలో వాటి పొడవు సుమారు రెండు సెంటీమీటర్లు, స్త్రీలలో అంతకన్న తక్కువ. మాట్లాడేటప్పుడు పురుషుని స్వరతంత్రులు సెకనుకు నూరు, నూటపాతిక పర్యాయాలు, స్త్రీవి సుమారు రెండువందల పర్యాయాలు ఒకదానినొకటి తాకుతాయి. పసిపిల్లలవి ఇంకను ఎక్కువ. తంత్రి పొడవునుబట్టి, మందాన్నిబట్టి వచ్చే ఈ భేదాన్ని సాధనతో చెరిపివేయడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. సన్నని గొంతును బలవంతాన కిందికి నొక్కి లావుచేయబోయినవానికి మిగిలేది గొంతునొప్పి. సాధనకు లోబడేవి వేరే ఉన్నవి: ఊపిరి, వడి, విరామం, స్పష్టత. మాట వినేవారికి కావలసినవీ అవే.

ఊపిరి సంగతి కోట్‌పల్లి పిల్లలకు వేరే ఉపమానం లేకుండ బోధపడుతుంది. జలాశయంలో నీరు నిండుగా ఉంటే తూము కొంచెం ఎత్తినా కాలువ బలంగా పారుతుంది. నీరు అడుగంటినప్పుడు తూము ఎంత ఎత్తినా లాభం లేదు. ఊపిరితిత్తులు జలాశయం, గొంతు తూము. తరగతిలో గొంతు చించుకొనేవారందరూ చేసే పొరపాటు ఒక్కటే. వారు నీటిని నింపడం మరచి తూముతో కుస్తీ పడుతున్నారు. మెడనరాలు ఉబ్బుతాయి, భుజాలు పైకి లేస్తాయి, మాట మాత్రం నాలుగవ బల్ల దాటదు. భుజాలు కదలకుండ, పక్కటెముకల అడుగుభాగమూ పొట్టా విచ్చుకొనేటట్లు గాలి పీల్చి, దానిని వాక్యం చివరిదాకా పొదుపుగా విడవడం అలవాటు చేసుకొంటే అంత శ్రమ లేకుండనే మాట వెనుక గోడను తాకుతుంది. వెల్లకిల పడుకొని పొట్టమీద ఒక పుస్తకం పెట్టుకొని, అది లేచి పడేటట్లు ఊపిరి తీయడమే మొదటి పాఠం. దానికి గురుదక్షిణ ఏమీ లేదు.

ఊపిరిని వాక్యాంతందాకా నిలపాలనడంలో తెలుగువారికి ప్రత్యేకమైన అగత్యం ఒకటి ఉన్నది. దానిని గుర్తించినవారు తక్కువ. ఇంగ్లీషులో క్రియ కర్తవెంటనే వస్తుంది. కాదనే మాట కూడ వాక్యం మధ్యలోనే తెలిసిపోతుంది. తెలుగులో క్రియ చివర ఉంటుంది. చేసినవాడెవడో, ఎప్పుడు చేసినాడో, అసలు చేసినాడో లేదో, అంతా ఆ చివరి రెండు మూడు అక్షరాలలో దాగి ఉంటుంది. రసాయనశాలలో ఉపాధ్యాయుడు "ఈ రెండు ద్రావణాలను కలప..." అన్నంతవరకు బిగ్గరగా పలికి, ఊపిరి చాలక తక్కినదానిని మింగివేస్తే, "కలపవచ్చు" అన్నాడో, "కలపవద్దు" అన్నాడో వెనుక బల్లమీది పిల్లవాడు ఊహించుకోవాలి. పరీక్షలో తప్పు రాసిన పిల్లవాని అశ్రద్ధగా లెక్కకెక్కిన వాటిలో కొన్ని, నిజానికి, గురువుగారి ఊపిరి కొరతలు కావచ్చు. వాక్యం మొదటను కేకపెట్టి చివరను గొణగడం తెలుగు ఉపన్యాసకులలో సర్వసాధారణమైన దోషం. సభలలో పెద్దలు సైతం దీనికి అతీతులు కారు. అధ్యక్షుడు ఎవరిని పొగిడినాడో వినబడుతుంది, ఏమని పొగిడినాడో వినబడదు.

ఇటువంటి దోషాలను పూర్వులు ఎరుగనివారు కారు. వర్ణాల ఉచ్చారణను ఒక శాస్త్రంగా చేసి, శిక్ష అని పేరు పెట్టి, వేదాంగాలలో మొదట నిలిపినవారు ఈ దేశంలోనే పుట్టినారు. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం అని ఆరు విషయాలను చెప్పింది. పాణినీయ శిక్ష అధములైన పాఠకులను ఆరుగురిని లెక్కించింది. పాట పాడినట్లు చదివేవాడు, తొందరగా చదివేవాడు, తల ఆడిస్తూ చదివేవాడు, రాతను చూచి ఒప్పగించేవాడు, అర్థం తెలియక చదివేవాడు, గొంతు పెగలనివాడు అందులో ఉన్నారు. ఈ ఆరుగురిని నేటి బడిలో వెదకడానికి దీపం అక్కరలేదు. గమనించదగినదేమంటే, ఆ జాబితాలో సన్నగొంతువాడు లేడు, పల్లెటూరివాడు లేడు. మంచి పాఠకుని లక్షణాలలో మాధుర్యంతోపాటు అక్షరస్పష్టత, పదాల విరుపు, నిబ్బరం, లయ ఉన్నవి. వీటిలో పెక్కు నేర్చుకొంటే వచ్చేవే.

గ్రీకుదేశపు వక్త డెమాస్థనీసు నోట గులకరాళ్ళు పెట్టుకొని పలుకు సాధించినాడని, సముద్రపు హోరుమీదుగా ఉపన్యసించి గొంతు గట్టిచేసుకొన్నాడని చెప్పే కథ పాఠ్యపుస్తకాలలో పిల్లలు చదువుతూనే ఉంటారు. పట్టుదలకు దృష్టాంతంగా అది మంచిదే. గొంతు సాధనకు మాత్రం దానిని అనుసరించకపోవడమే మేలు. హోరుమీదుగా అరవడం గొంతుకు చేటని నేటి వైద్యశాస్త్రం చెబుతున్నది. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండనే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు లొంబార్డు 1911లో వెల్లడించినాడు. తరగతిలో జరిగేది ఇదే. పిల్లలు గుసగుసలాడితే గురువు గొంతు పెంచుతాడు, గురువు గొంతు పెరిగినకొద్దీ ఆ చాటున పిల్లల గుసగుస మాటలవుతుంది, మాటలు కేకలవుతాయి. సంతలో బేరంవలె ఇరుపక్షాలూ పెంచుకొంటూ పోతాయి. ఇందులో ముందుగా ఓడేది ఒంటరివాడైన గురువే.

ఆ ఓటమికి లెక్కలు కూడ ఉన్నవి. అమెరికాలోని అయోవా, యూటా రాష్ట్రాలలో 1,243 మంది ఉపాధ్యాయులను, ఇతర వృత్తులలోని 1,288 మందిని విచారించి 2004లో ప్రకటించిన పరిశోధనలో, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు గొంతు చెడినదని చెప్పినవారు ఉపాధ్యాయులలో నూటికి 57.7 మంది, తక్కినవారిలో 28.8 మంది. అంటే రెట్టింపు. పోలండు దేశంలో దీర్ఘకాలపు కంఠవ్యాధిని ఉపాధ్యాయుల వృత్తివ్యాధిగానే చట్టం గుర్తించింది. గనికార్మికునికి ఊపిరితిత్తుల జబ్బు ఎట్టిదో, పంతులుకు ఇది అట్టిది. తరగతులు అక్కడికన్న కిక్కిరిసి, గదులు అక్కడికన్న చప్పుడుగా ఉండే చోట ఈ బాధ తక్కువగా ఉంటుందనుకోవడం తనను తాను మోసపుచ్చుకోవడమే. అందులోను ఉపాధ్యాయినులకు ముప్పు ఎక్కువ. సెకనుకు రెండువందల పర్యాయాలు తాకే తంత్రులు ఒక్క నిమిషం ఎడతెగక పలికితే 12,000 పర్యాయాలు తాకుతాయి. అరచినకొద్దీ ఆ తాకిడి బరువెక్కుతుంది. ఏళ్ళ తరబడి ఇట్లు సాగితే తంత్రుల అంచులపై చిన్న బొడిపెలు లేస్తాయి. గొంతు బొంగురు మూడు నాలుగు వారాలకు తగ్గకపోతే మిరియాల కషాయంతో కాలం గడపక చెవి, ముక్కు, గొంతు వైద్యుని చూడవలసి ఉన్నది. ఇది ఇంటిల్లిపాదీ భయపడవలసిన జబ్బు అని కాదు. తొలినాళ్ళలో కనిపెడితే పెక్కుసార్లు గొంతుకు విశ్రాంతితో, తగిన శిక్షణతో నయమయ్యేది గనుక.

ముందుజాగ్రత్తలు చిన్నవి, చిన్నవి గనుకనే ఎవరూ పాటించరు. మాటిమాటికి గొంతు సవరించుకోవడం తంత్రులను ఒకదానితో ఒకటి కొట్టడమే. దానికి బదులు ఒక గుక్క మంచినీరు చాలును. బల్లమీద నీళ్ళ చెంబు ఉండడం క్రమశిక్షణకు భంగమని ఏ అధికారీ అనుకోరాదు. గొంతు చెడినప్పుడు గుసగుసగా పాఠం చెబితే గొంతుకు విశ్రాంతి అని పలువురు నమ్ముతారు. బలవంతపు గుసగుస కూడ శ్రమే, మౌనమే విశ్రాంతి. నల్లబల్లవైపు తిరిగి రాస్తూ మాట్లాడేవారి మాట ముందు గోడను తాకుతుంది, పిల్లలకు దాని మారుమోత మాత్రమే అందుతుంది. రాసేటప్పుడు రాయాలి, తిరిగిన తరువాత పలకాలి. దూరం సంగతి మరీ ముఖ్యం. ఆరుబయట, మాట్లాడేవానికీ వినేవానికీ మధ్య దూరం సగమైతే ధ్వని ఆరు డెసిబెళ్ళు పెరుగుతుంది. నాలుగు గోడల నడుమ లాభం అంత ఉండకపోయినా ఉండకపోదు. కుర్చీని వదలి తరగతి నడుమకు నాలుగడుగులు వేసిన ఉపాధ్యాయుడు, అరిచి సంపాదించలేనిదానిని నడిచి సంపాదిస్తాడు.

గొంతును కాపాడుకొనే విద్యలో పంతుళ్ళకంటె పల్లె కళాకారులు ఆరితేరినవారు. రాత్రి భోజనాల తరువాత మొదలుపెట్టి గంటల తరబడి మైదానంలో కథ చెప్పి, మరునాడు మరొక ఊరిలో అదే గొంతుతో నిలబడే బుర్రకథకునికి, ఒగ్గుకథకునికి రహస్యమేమిటి? వాడు ఒంటరిగా చెప్పడు. బుర్రకథలో కథకునికి ఇరుపక్కల ఇద్దరు వంతలుంటారు. ఒకడు హాస్యం పలుకుతాడు, ఒకడు లోకం పోకడ పలుకుతాడు. వంతపాట సాగినంతసేపు కథకుడు ఊపిరి నింపుకొంటాడు. ఒకడు ప్రశ్నిస్తాడు, ఒకడు ఔనంటాడు. శ్రోతకు విసుగు రాదు, కథకుని గొంతు కాలిపోదు. షేక్ నాజర్ గారు 1986లో పద్మశ్రీ అందుకొనేనాటికి ఏళ్ళ తరబడి ఊరూరా కథ చెప్పినవారు. తెలంగాణలో ఒగ్గుకథకు పేరు తెచ్చి 2017లో కన్నుమూసిన చుక్క సత్తయ్యగారు కూడ డోలు, తాళాల నడుమ, వంతగాళ్ళ తోడుతోనే గొంతెత్తినారు. నలభై నిమిషాలు ఊపిరి తిప్పుకోకుండ ఒక్కడే మాట్లాడాలన్న నియమం కళలలో ఎక్కడా లేదు, బడిలోనే ఉన్నది. పద్యం పిల్లలచేత చదివించి, తాత్పర్యం మరొకనిచేత చెప్పించి, ప్రశ్న వేసి, జవాబుకోసం వేచి ఉండగలిగిన ఉపాధ్యాయునికి తరగతిలో నలభైమంది వంతలున్నారు. పాఠం బాగుపడడం అటుంచి, ముందు గొంతు బతుకుతుంది. పిల్లల గొంతులూ అప్పుడే తెరచుకొంటాయి.

తెరచుకొన్న గొంతులో ఏ పలుకు వస్తుందన్నది తరువాతి చిక్కు. శిక్షణాలయాలు అమ్మే రెండవ సరుకైన అరువు ఉచ్చారణను గూర్చి చెప్పవలసినది ఇక్కడనే. తాండూరు ప్రాంతం కర్ణాటక సరిహద్దున ఉన్నది. అక్కడి తెలుగులో కన్నడపు నుడికారం, ఉర్దూ మాటలు పాలలో చక్కెరవలె కలిసి ఉన్నవి. ఆ పలుకుతో పెరిగిన పిల్లవాడు పట్నం పోగానే, ముందు నీ యాస మార్చుకొమ్మన్న సలహా వింటాడు. యాసకూ గొంతుకూ సంబంధం లేదు. ఊపిరి నిలిపి, వాక్యాంతందాకా స్పష్టంగా, వినేవానిని చూచి పలికిన ఏ యాసయినా ఎవరికైనా బోధపడుతుంది. గొణిగిన శిష్టభాష ఎవరికీ పట్టుబడదు. తన యాసను దాచుకోవాలనుకొన్నవాడు ప్రతిమాటనూ నోటి లోపలనే ఒకసారి తనిఖీ చేసి పంపుతాడు. ఆ తనిఖీలో వడి తప్పుతుంది, గొంతు బిగుస్తుంది. ఉద్యోగమిచ్చేవారికి కనబడేది యాస కాదు, ఆ బిగువు. వ్యావహారిక భాషకోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులే. సవరల భాషకోసం కొండలలో తిరిగి, మలేరియాకు వాడిన క్వయినావల్ల వినికిడి పోగొట్టుకొన్న ఆయన, జనం నోటి మాట బడిలో వినబడాలని పట్టుబట్టినారు. తెలంగాణ పలుకుబడికి కాళోజీ చేసిన వకాల్తా ఎరుగనివారు లేరు. ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 9 తెలంగాణ భాషాదినోత్సవమైనది. ఉత్సవంనాడు యాసను సన్మానించి, మరునాడు తరగతిలో దానిని చూచి నవ్వితే ఆ దండలు ఎవరికోసం?

ఇంతమాత్రాన ఉచ్చారణ దిద్దనక్కరలేదని కాదు. ల, ళలకు, న, ణలకు భేదం, ఒత్తక్షరాల పలుకు, శ, ష, సల తేడా గ్రంథపఠనంలో నేర్పవలసినవే. తెలుగు పండితుడు అది నేర్పక మరెవరు నేర్పుతారు? కాని నేర్పడం వేరు, ఎగతాళి వేరు. ఒత్తు పలకని పిల్లవానిని పదిమందిలో నవ్వులపాలు చేస్తే వాడు ఒత్తు నేర్చుకోడు, నోరు మూసుకోవడం నేర్చుకొంటాడు. పదేళ్ళ తరువాత ఉద్యోగసభలో వాని గొంతు పెగలకపోవడానికి విత్తనం అక్కడ పడుతుంది. విత్తినవాడు ఎవరో ఎవరికీ జ్ఞాపకముండదు.

ఈ బెరుకు ఇప్పుడు గురువులను కూడ తాకుతున్నది. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022–23 విద్యాసంవత్సరంనుండి ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతివరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించింది. దాని మంచిచెడ్డలు ఇక్కడ ప్రస్తుతం కావు. ఇరవై ఏళ్ళు తెలుగులో పాఠం చెప్పిన ఉపాధ్యాయుడు కొత్త భాషలోకి మారినప్పుడు గొంతులో వచ్చే మార్పు మాత్రం ప్రస్తుతమే. మాట తడుముకొనేవాడు ఆ తడబాటును వడితోనో, బిగ్గరతనంతోనో కప్పిపుచ్చుకోజూస్తాడు. పుస్తకం చూచి గడగడ చదివివేయడం ఈ భయానికి మరొక రూపం. మాధ్యమం మార్చినవారు గొంతుల సంగతి ఆలోచించి ఉంటే, వాక్యాన్ని చిన్నది చేసుకొని, ఆగి, పిల్లల ముఖాలు చూచి, తరువాతి వాక్యానికి పోవచ్చునని, ఆగడం అజ్ఞానం కాదని వారికి ముందుగా చెప్పి ఉండేవారు.

చెప్పవలసిన చోటు శిక్షణ కళాశాల. 2014 నాటి నిబంధనలతో బి.ఎడ్. చదువు రెండేళ్ళది అయినది. పాఠ్యపథకం రాయడం, బోధనోపకరణాలు తయారుచేయడం, మూల్యాంకనం, మనోవిజ్ఞానం అందులో ఉన్నవి. నాటకానికీ కళలకూ ఒక స్థానం కల్పించినారు, సంతోషమే. అయితే దానిని రికార్డు పుస్తకం నింపి మార్కులు వేయించుకొనే పనిగా దింపివేయకుండ, ఛాత్రోపాధ్యాయుని ఒక ఖాళీ గదిలో ఒక మూల నిలబెట్టి, ఎదుటి మూలనున్నవారికి ఒక పేజీ వినిపించమనే పరీక్షగా మార్చడానికి ఖర్చేమీ లేదు. మైసూరులో వాక్శ్రవణ దోషాలకై అఖిలభారత సంస్థ 1965లో ఏర్పడి, ఈ విద్యలో నిపుణులను తయారుచేస్తూనే ఉన్నది. వారిలో ఒకరిని ఏడాదికి ఒకసారి పిలిపించి ఉపాధ్యాయుల గొంతులను పరీక్షింపజేయడం జిల్లా అధికారులకు తలకు మించిన పని కాదు. కళ్ళ పరీక్ష ఉన్నట్లే ఇదీ ఒకటి. ఏప్రిల్ 16ను ప్రపంచ కంఠస్వర దినంగా లోకం పాటిస్తున్నది. వేసవి సెలవులముందు వచ్చే ఆ రోజు మన బడులకు సరిగా అమరుతుంది.

నడుముకు కట్టుకొనే చిన్న మైకు వచ్చిన తరువాత ఇదంతా ఎందుకన్నవారూ ఉన్నారు. ఆ మాటను తోసివేయరాదు. మైకు వాడిన ఉపాధ్యాయుల కంఠబాధ తగ్గినదని అమెరికాలో 2002లో వెలువడిన పరిశోధన ఒకటి తెలిపింది. గొంతు ఇదివరకే చెడినవారికి అది ఊతకర్ర, వాడుకోవడంలో నామోషీ లేదు. పాఠశాల నిధులతో కొని ఇవ్వదగిన వస్తువే. అయితే గొణుగుడును మైకు పెద్ద గొణుగుడు చేస్తుంది. తొందరను తొందరగానే వినిపిస్తుంది.

విద్యార్థికి ఆ ఊతకర్ర కూడ అక్కరలేదు. చేతిలోని ఫోనులో తన చదువును తాను ముద్రించుకొని వినవచ్చును. మొదటిసారి విన్న ప్రతివాడూ ఇది నా గొంతేనా అని చిన్నబుచ్చుకొంటాడు. మాట్లాడేటప్పుడు తన గొంతు తనకు గాలిద్వారానే గాక పుర్రె ఎముకల ద్వారా కూడ చేరుతుంది. ఎముకలు మంద్రధ్వనులను బాగుగా చేరవేస్తాయి గనుక లోపలినుండి విన్నప్పుడు గొంతు లావుగా తోస్తుంది. లోకం వినేది ఫోను వినిపించినదానినే. ఆ మొదటి సిగ్గు రెండు మూడు రోజులలో పోతుంది. అప్పుడు అసలు దోషాలు వినబడతాయి: ఎక్కడ మింగినాడో, ఎక్కడ పరుగెత్తినాడో, ఎక్కడ అర్థం తెలియకనే దాటిపోయినాడో.

కోట్‌పల్లి పిల్లలకు ఫోనుకన్న మంచి సాధనం ఊరిపక్కనే ఉన్నది. సాయంకాలం ఇద్దరు మిత్రులు, పెద్దలకు చెప్పి, గట్టుమీదికి ఒక వార్తాపత్రిక తీసుకొని పోవచ్చును. ఒకడు నిలబడి చదవాలి. రెండవవాడు గట్టువెంబడి పది అడుగులు వెనుకకు నడవాలి, మాట అందుతున్నంతవరకు ఇంకొక పది. వాక్యం చివర ఏమన్నాడో తెలియని క్షణాన అతడు చేయి ఎత్తాలి. చేయి కనబడగానే చదివేవాడు గొంతు పెంచరాదు. ఆగి, ఊపిరి తీసుకొని, అదే వాక్యాన్ని ఇందాకటికంటె మెల్లగా, చివరి అక్షరంవరకు చదవాలి. చేయి దిగిన తరువాత తరువాతి వాక్యం.